నైరుతి నుంచి ఈశాన్యానికి: 2019 అక్టోబర్ 20 రాత్రి డాలస్ టోర్నడో, ఒక హామ్ స్పాటర్ కేస్ స్టడీ

ఆ రాత్రి ఏం జరిగిందో ముందు టూకీగా చెప్పేస్తాను, తర్వాత మేం ఏం చేశాం, నేను ఎక్కడ తప్పు చేశాను అన్నది నింపాదిగా రాస్తాను. 2019 అక్టోబర్ 20, ఆదివారం, దీపావళికి సరిగ్గా వారం ముందు. రాత్రి తొమ్మిది ప్రాంతంలో డాలస్ వాయవ్య భాగంలో ఒక టోర్నడో నేలని తాకింది, అక్కడి నుంచి ఇళ్ల మధ్యలోంచి, థామస్ జెఫర్సన్ హైస్కూల్ మీదుగా, ప్రెస్టన్ రోడ్ - రాయల్ లేన్ కూడలిలో షాపింగ్ సెంటర్‌ని నలిపేసి, హైవే 75 దాటి రిచర్డ్‌సన్ దాకా వచ్చి చల్లారింది. దాదాపు 16 మైళ్లు, అరగంట పైచిలుకు. తర్వాత వెదర్ సర్వీస్ (ఇక్కడి వాతావరణ శాఖ) వాళ్లు నష్టం జరిగిన చోట్లన్నీ తిరిగి చూసి ఈఎఫ్3 అని తేల్చారు, టోర్నడో బలాన్ని 0 నుంచి 5 దాకా కొలిచే స్కేలు మీద అది 3, గాలి గంటకి 140 మైళ్లు, అంటే మన లెక్కలో 225 కిలోమీటర్లు. నష్టం ఒకటిన్నర బిలియన్ డాలర్ల పైమాటే. ఒక్క ప్రాణం కూడా పోలేదు. అంత జనం ఉన్న ఊళ్లో, ఆదివారం రాత్రి, అందరూ ఇళ్లల్లో ఉన్న టైమ్‌లో. ఆ ఇళ్ల శిథిలాల మధ్య మర్నాడు తిరిగినవాడిని కాబట్టి ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు.

నేను ఉండేది రిచర్డ్‌సన్‌లో, క్యాంప్‌బెల్ రోడ్ దగ్గర. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మిగతా టైమ్‌లో హామ్, అంటే లైసెన్స్ తీసుకుని సొంత రేడియోలో మాట్లాడే హాబీ. ఈ లైన్‌లోకి రావడానికి కారణం ఇంకో టోర్నడో, 2015 డిసెంబర్ 26 సాయంత్రం గార్లండ్, రౌలెట్ మీద పడ్డ ఈఎఫ్4. పది మంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది ఐ-30 హైవే, జార్జ్ బుష్ టర్న్‌పైక్ కలిసే చోట కార్లలో ఉన్నవాళ్లు, పండగ మర్నాడు ఎక్కడికో వెళ్తూనో వస్తూనో ఉన్నవాళ్లు. ఆ రోడ్డు మీద నేను అంతకు రెండు గంటల ముందు వెళ్లాను. అప్పటి దాకా వెదర్ అంటే ఫోన్‌లో బొమ్మ చూసి గొడుగు పెట్టుకోవాలా వద్దా అనుకునేవాడిని, ఆ తర్వాత అలా ఉండలేకపోయాను. 2016లో హామ్‌లో మొదటి మెట్టు అయిన టెక్నీషియన్ లైసెన్స్ తీసుకున్నాను. 35 ప్రశ్నలు, 26 కరెక్ట్ అయితే పాస్, మోర్స్ కోడ్ అక్కర్లేదు, సిటిజన్ అయ్యుండాల్సిన పనీ లేదు. హెచ్1 మీద ఉన్నవాళ్లు కూడా రాసుకోవచ్చు, ఈ సంగతి తెలియక మనవాళ్లు చాలామంది ఆగిపోతుంటారు.

స్కైవార్న్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం కొంచెం. ఇది నేషనల్ వెదర్ సర్వీస్ నడిపే వాలంటీర్ ప్రోగ్రామ్, తుపాను వేళ కళ్లతో చూసింది వాళ్లకి చెప్పే స్పాటర్లని తయారుచేస్తుంది, రెండు గంటల క్లాస్, ఫ్రీ, దేశం మొత్తం మీద మూడున్నర నుంచి నాలుగు లక్షల మంది ట్రైనింగ్ అయినవాళ్లు ఉన్నారు. అందులో అందరూ హామ్‌లు కాదు, పోలీసులు, ఫైర్ వాళ్లు, రైతులు, ట్రక్ డ్రైవర్లు, టీచర్లు అందరూ ఉంటారు, కానీ హామ్‌లు మొదటి నుంచీ దీనికి వెన్నెముకలాంటివాళ్లు. మా ఏరియా ఫోర్ట్‌వర్త్ ఆఫీస్ కిందకి వస్తుంది, ఆ ఒక్క ఆఫీస్ 46 కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) చూసుకుంటుంది. రాడార్ ఉండగా మనుషులెందుకు అని నన్ను చాలామంది అడుగుతారు, మంచి ప్రశ్నే. రాడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమేమో గుండ్రంగా ఉంది, పైగా ఆ కిరణాన్ని పంపేదే కాస్త పైకి వంచి పంపుతారు కాబట్టి దూరం వెళ్లే కొద్దీ అది నేల నుంచి పైకి పైకి పోతుంది. ఫోర్ట్‌వర్త్ దక్షిణాన ఉన్న మెయిన్ రాడార్ నుంచి రిచర్డ్‌సన్ దాదాపు 40 మైళ్లు, ఇక్కడికి వచ్చేసరికి కిరణం సుమారు మూడు వేల అడుగుల ఎత్తులో ఉంటుంది. ఎయిర్‌పోర్టుల కోసం పెట్టిన రాడార్లు దగ్గర్లో ఉండబట్టి డాలస్ కొంత నయం, దూరపు కౌంటీల్లో అదీ లేదు. మేఘంలో గిర్రున తిరుగుతోందని రాడార్ చెప్తుంది, ఆ తిరిగేది నేల దాకా దిగిందా లేదా అన్నది కింద ఉన్న మనిషి కన్ను చెప్పాలి.

మరి ఫోన్ ఉండగా రేడియో ఎందుకు? ఫోన్లు పోతాయి కాబట్టి అని అందరూ చెప్పే జవాబు, అదీ నిజమే. హుద్‌హుద్ వచ్చిన రోజు, 2014 అక్టోబర్ 12న, వైజాగ్‌లో మా మేనత్తకి ఏమైందో తెలియక ఇక్కడ మేమందరం రోజుల తరబడి నరకం చూశాం. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో భారతీ ప్రసాద్ గారు వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో (ప్రతి హామ్‌కీ ఇచ్చే గుర్తింపు పేరు) అప్పటికే రేడియో పెట్టుకుని ఉండబట్టి అండమాన్ నుంచి కబుర్లు బయటకి వచ్చాయి, మన దేశంలో హామ్ గురించి మాట్లాడే ఎవరైనా ఆ రోజు తలుచుకోకుండా ఉండలేరు. కానీ డాలస్ లాంటి చోట నా అనుభవంలో అసలు కారణం వేరే ఉంది. ఫోన్‌లో ఇద్దరే మాట్లాడుకుంటారు. రిపీటర్, అంటే మన చిన్న సిగ్నల్‌ని అందుకుని ఊరంతటికీ మళ్లీ పంపే స్టేషన్, దాని మీద ఒకడు మాట్లాడితే వంద మంది ఒకేసారి వింటారు, విన్నవాడు తన కిటికీలోంచి అదే వైపు చూసి అవునో కాదో చెప్పగలడు. ఇలా అందరూ ఒకే చానెల్ మీద చేరడాన్ని నెట్ అంటాం, ఇంటర్నెట్ కాదు. అందుకే దాన్ని నడిపే నెట్ కంట్రోల్ అనే మనిషి ఉంటాడు, అతను పిలిస్తే తప్ప మైక్ నొక్కకూడదు, ఎవరి దగ్గర చెప్పాల్సింది ఉందో వాళ్లే కాల్‌సైన్ చెప్పి ఆగాలి. కొత్తవాళ్లకి ఇది కష్టం, ఎందుకంటే లైసెన్స్ తీసుకుంది మాట్లాడదామని కదా, తుపాను రాత్రి మాత్రం పని అంతా నోరు మూసుకుని వినడంలోనే ఉంటుంది.

ఇక ఆ రాత్రి. సాయంత్రం పిల్లల దీపావళి డ్యాన్స్ ప్రాక్టీస్ అయ్యాక ఇంటికి వచ్చాం. టీవీలో కౌబాయ్స్ మ్యాచ్, ఫిలడెల్ఫియాతో, ఊరంతా అదే చూస్తోంది. పొద్దుటి నుంచే వాతావరణం బాలేదని తెలుసు, రేడియో ఆన్‌లోనే ఉంచాను. ఎనిమిది దాటాక నెట్ మొదలైంది, చెక్-ఇన్ అయ్యాను, నా లొకేషన్ క్రాస్ స్ట్రీట్స్‌తో చెప్పాను, ఇక వినడమే. రాత్రిపూట బయటకి వెళ్లి స్పాటింగ్ చెయ్యొద్దని ట్రైనింగ్‌లో గట్టిగా చెప్తారు, వాన తెర చాటున ఉన్న టోర్నడో చీకట్లో మీద పడే దాకా కనపడదు. అందుకే మేడ మీద గదిలో దక్షిణం కిటికీ దగ్గర, లైట్లు ఆపేసి కూర్చున్నాను, భార్యా పిల్లాడూ కింద మెట్ల కింది క్లోజెట్ దగ్గరే ఉన్నారు, చెప్పులు వేసుకుని. ఈ చెప్పుల సంగతి చిన్నదే అనిపిస్తుంది కానీ గాజు పెంకుల మీద నడిచినవాళ్లని అడగండి.

తొమ్మిది కాగానే నెట్ గొంతు మారింది. నైరుతి డాలస్‌లో ఏమీ లేదు అని ఒకాయన, చుక్క వాన కూడా లేదు అని ఇంకొకాయన చెప్పారు. ఇలాంటి ఏమీ లేదు అనే రిపోర్టులు కూడా కావాలి, అడిగినప్పుడు ఇవ్వాలి, దానివల్ల వెతకాల్సిన చోటు చిన్నదవుతుంది. తర్వాత లవ్‌ఫీల్డ్ ఎయిర్‌పోర్ట్‌కి ఉత్తరాన కరెంట్ పోయిందని, నేల మీద మెరుపులని వరసగా రావడం మొదలైంది. సైరన్లు మోగాయి. మా తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో ఒకతను మళ్లీ హ్యాకేనేమో అని పెట్టాడు. అతన్ని తప్పు పట్టలేం, 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి డాలస్‌లో 156 సైరన్లు ఎవరో రేడియో సిగ్నల్‌తో ఉత్తినే మోగించేశారు, అప్పటి నుంచి జనానికి ఆ మోత మీద నమ్మకం తగ్గింది. నేను ఒక్క లైన్ పెట్టాను, ఇది నిజం, కిటికీల దగ్గర ఉండకండి, లోపలి గదిలోకి వెళ్లండి అని. మళ్లీ ఫోన్ పక్కన పెట్టేశాను.

తొమ్మిదింబావు ప్రాంతంలో నాకు కనపడింది. దక్షిణాన, చాలా కింద, నేలకి అంటుకున్నట్టు నీలం ఆకుపచ్చ కలిసిన వెలుగు, గుండ్రంగా ఉబ్బి ఆరిపోయింది. క్షణంలో ఇంకోటి. మామూలు మెరుపు తెల్లగా, మేఘంలోంచి వస్తుంది, ఇది అలా కాదు, కరెంట్ లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు తెగి పేలుతున్నప్పుడు వచ్చే పవర్ ఫ్లాష్. క్లాస్‌లో వీడియోలు ఎన్నో చూశాను, కళ్లతో చూడటం అదే మొదటిసారి. నా కాల్‌సైన్ చెప్పాను, నెట్ కంట్రోల్ వెంటనే తీసుకున్నాడు, నేను అన్నది ఇంతే: క్యాంప్‌బెల్ దగ్గర ఉన్నాను, పవర్ ఫ్లాషెస్ కనపడుతున్నాయి, దక్షిణం వైపు.

అతను అడిగాడు, ఎంత దూరం? తెలియదన్నాను. సరిగ్గా దక్షిణమా, నైరుతా? కిటికీ దక్షిణం కిటికీ కాబట్టి దక్షిణం అన్నానే గానీ ఆ కిటికీలోంచి నైరుతి నుంచి ఆగ్నేయం దాకా అంతా కనపడుతుంది, నేను ఏ మూలకి చూస్తున్నానో నాకే తెలియదు. కదులుతోందా? ఎటు? దానికీ జవాబు లేదు, రెండు వెలుగులు చూసి మైక్ నొక్కేశాను, మూడోది ఎక్కడ వస్తుందో చూసే ఓపిక పట్టలేదు. అతను ఓపిగ్గా, గొంతు పెంచకుండా, బేరింగ్, అంటే సరిగ్గా ఏ దిక్కో, చూసుకుని మళ్లీ పిలవమన్నాడు. ఇదంతా దాదాపు ఒక నిమిషం. ఆ టోర్నడో 16 మైళ్లు అరగంటలో వచ్చింది, అంటే నిమిషానికి అర మైలు. నేను నసుగుతున్న ఆ నిమిషంలో అది అర మైలు ఇళ్ల మీద నడిచింది, అంతే కాదు, ఆ నిమిషం రిపీటర్ నా ఒక్కడి చేతిలో ఉండిపోయింది, ఇంకెవరో సరిగ్గా చూసినవాళ్లు చెప్పడానికి దారి లేకుండా. ఈ కేసులో నా తప్పు ఇదే, దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఈలోగా ఫోన్ మోగింది. మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు. బెల్ట్‌లైన్ రోడ్ దగ్గర ఉంటారు, అంటే నాకు రెండు మైళ్లు దక్షిణాన, వచ్చే దానికి ఇంకా దగ్గర. ఫ్రెండ్ ఆఫీస్ పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు, కోడలు హాస్పిటల్‌లో నైట్ డ్యూటీ, ఇంట్లో పెద్దవాళ్లిద్దరూ ఆరేళ్ల మనవరాలూ. ఆయనది నాగాయలంక, 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన అప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాడు, వేలమంది పోయిన రాత్రి చెట్టు పట్టుకుని బతికినవాడు.

"ఏం బాబూ, ఈ సైరన్ ఏంటి, కరెంట్ కూడా పోయింది, పాప భయపడుతోంది" అన్నారు.

"బాబాయ్, మీరు ఎక్కడున్నారు?"

"హాల్లో కిటికీ దగ్గర. గాలివానే కదా, ఇక్కడ సముద్రం లేదుగా ఉప్పెన రావడానికి."

"బాబాయ్, ఆ కిటికీ దగ్గర్నుంచి వచ్చెయ్యండి, పిన్నిగారినీ పాపనీ తీసుకుని పూజగదిలో కూర్చోండి." వాళ్ల పూజగది ఇక్కడ చాలామంది తెలుగువాళ్ల ఇళ్లల్లోలాగే ఇంటి నడిమధ్యన కిటికీ లేని వాక్-ఇన్ క్లోజెట్, అంతకంటే మంచి చోటు ఆ ఇంట్లో లేదు. టెక్సస్ ఇళ్లకి మామూలుగా బేస్‌మెంట్లు ఉండవు.

ఆయన లేస్తూ అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "సరే వెళ్తున్నాం గానీ, నైరుతి మూలన నేల మీద ఆకుపచ్చగా మెరుస్తోంది బాబూ, ఒకటి కాదు, వరసగా, నాలుగైదు చూశాను, ఒకదాని తర్వాత ఒకటి తూర్పుకి జరుగుతున్నాయి."

ట్రైనింగ్ లేదు, రేడియో లేదు, టోర్నడో అన్న మాట కూడా సరిగ్గా తెలియదు. కానీ నేను చెప్పలేని రెండు ముక్కలూ, ఏ మూల, ఎటు కదులుతోంది, ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశారు. ఎలా తెలిసిందంటే ఆయనకి ఇల్లంటే వాస్తు, ఏ గదికి వెళ్లినా ఈశాన్యం ఎటు, ఆగ్నేయం ఎటు అన్నది ఆయన ఒంట్లో ఉంది. దిగిన మొదటి రోజే కొడుకు ఇంట్లో నైరుతి మూల బరువు లేదని గొడవ పడ్డ మనిషి. నేను పుట్టి పెరిగింది ఆ భాషలోనే, అయినా మైక్ ముందు ఆ మాట నాకు తట్టలేదు.

నేను మళ్లీ నెట్‌ని పిలిచాను. ఇక్కడ ఒక నియమం ఉంది, పక్కవాడు చెప్పింది నువ్వు చూసినట్టు చెప్పకూడదు. రిలేడ్ రిపోర్ట్, ట్రైనింగ్ లేని అబ్జర్వర్, ఫోన్‌లో చెప్పారు అని ముందే అన్నాను, తర్వాత ఆయన ఇంటి క్రాస్ స్ట్రీట్స్, టైమ్, నైరుతిలో పవర్ ఫ్లాషెస్ నాలుగైదు, తూర్పుకి జరుగుతున్నాయి. ఇంటి నంబర్, పేరు ఏవీ చెప్పలేదు, హామ్ బ్యాండ్ మీద మాట్లాడేది ఎవరైనా వినొచ్చు, దాచి మాట్లాడటం రూల్స్ ఒప్పుకోవు కూడా. నెట్ కంట్రోల్ కాపీడ్, అంటే అందింది, అన్నాడు. పది సెకన్లు పట్టిందేమో. వెంటనే ఇంకో స్టేషన్, 75కి తూర్పున ఉన్నాయన, తన వాయవ్యంలో అవే ఫ్లాషెస్ అన్నాడు. రెండు చోట్ల నుంచి రెండు గీతలు గీస్తే కలిసే చోటు దొరుకుతుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. వార్నింగ్ మా రిపోర్ట్ వల్ల వచ్చింది కాదు. అప్పటికే టోర్నడో వార్నింగ్ ఉంది, గాల్లో లేచిన చెక్కలు రేకులు రాడార్ మీదే కనపడుతున్నాయి. హామ్‌లు లేకపోతే ఊరు మునిగిపోయేది అనే టైపు కథలు మా వాళ్లలో కొందరు చెప్తారు, నాకు నచ్చదు, చేసిన పని విలువ దానివల్ల తగ్గుతుంది తప్ప పెరగదు. మరి ఉపయోగం ఏంటంటే, అది ఇంకా నేల మీదే ఉంది, ఇంకా తూర్పుకే వస్తోంది అన్నది నిమిషం నిమిషం ఖాయం చెయ్యడం, ఆ మాట సిటీ ఎమర్జెన్సీ వాళ్ల దాకా వెళ్లడం, నెట్ వింటూ 635 హైవే మీద కార్లలో ఉన్నవాళ్లు ముందే ఎగ్జిట్ తీసుకోవడం. రౌలెట్‌లో పోయినవాళ్లు కార్లలోనే పోయారని గుర్తుంటే ఇది చిన్న విషయం కాదు.

తొమ్మిదిన్నర దాటాక అది చల్లారింది. మా ఇంటి మీదకి గాలి, వాన తప్ప ఏమీ రాలేదు. బాబాయ్ వాళ్లకి వెనక ఫెన్స్ పోయింది, రెండు కిటికీలు పగిలాయి, అందులో ఒకటి ఆయన ముందు నుంచున్న హాలు కిటికీ.

జనం అక్కడితో అయిపోయింది అనుకుంటారు గానీ రేడియో పని అప్పుడే పెరుగుతుంది. నాకు తెలిసినంతలో వాలంటీర్ల అసలు కష్టం ఆ తర్వాత రెండు గంటలే. చీకటి, ట్రాఫిక్ లైట్లు లేవు, ఎటు చూసినా సెల్‌ఫోన్ బిజీ. ప్రాణం మీదకి వస్తే 911కే చెయ్యాలి, అది దొరకనప్పుడే మేం. నెట్ మీద ఏ రోడ్డు చెట్టు పడి మూసుకుపోయింది, ఎక్కడ వైర్లు నేల మీద ఉన్నాయి, ఎక్కడ గ్యాస్ వాసన వస్తోంది, ఇవే. గ్యాస్ వాసన ఆ రాత్రి చాలా చోట్ల వచ్చింది, ఇళ్లు కదిలినప్పుడు పైపులు తెగుతాయి కదా. మా వీధిలో ఏమీ లేదని తేల్చుకుని, హ్యాండీ (చేతిలో పట్టే చిన్న రేడియో) పట్టుకుని బాబాయ్ ఇంటికి వెళ్లాను, దారిలో రెండు చోట్ల ఆగి రిపోర్ట్ ఇచ్చాను, ఈసారి తొందరపడకుండా, ముందు టైమ్, తర్వాత ఏం చూశాను, ఎక్కడ, ఎటు వైపు నుంచి దారి ఉంది, మైక్ నొక్కే ముందు నాలుగూ మనసులో ఒకసారి చదువుకుని. పన్నెండింటికి నెట్ ఇంకా నడుస్తూనే ఉంది. నెట్ కంట్రోల్‌గా కూర్చున్నాయన వయసు డెబ్భై పైన, మధ్యలో ఒక్కసారి మాత్రం మంచినీళ్ల కోసం ఇంకొకరికి అప్పగించాడు.

తర్వాత మార్చుకున్నవి ఇవి. మా ఇంట్లో ప్రతి కిటికీ చట్రానికి దిక్కుల స్టిక్కర్లు అంటించాను, ఎడమ అంచు ఎన్ని డిగ్రీలు, కుడి అంచు ఎన్ని డిగ్రీలు, ఎదురుగా దూరంగా కనపడే వాటర్ టవర్ ఎన్ని మైళ్లు. అరగంట పని, మూడేళ్ల ముందే చేసుకోవాల్సింది. చూసిన వెంటనే కాదు, మూడో ఫ్లాష్ దాకా ఆగి చెప్పడం ప్రాక్టీస్ చేశాను, కదలిక తెలియాలంటే కనీసం మూడు కావాలి. వడగళ్ల విషయంలో కూడా మనవాళ్లు ఉసిరికాయంత, నిమ్మకాయంత అంటారు, ఏ నిమ్మకాయ? ఇక్కడ లెక్క నాణేలతో, క్వార్టర్ బిళ్ల అంటే ఒక అంగుళం, అక్కడి నుంచే సివియర్ (తీవ్రమైనది) అని లెక్క, గోల్ఫ్ బాల్ అంటే ఒకటి ముప్పావు. పక్కన బిళ్ల పెట్టి ఫోటో తియ్యమంటాను.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం పెద్దవాళ్ల సంగతి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో, ఎక్కడ చూసినా ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు ఉంటారు, పగలంతా ఒక్కళ్లే, చాలామందికి ఫోన్ ఇండియా నంబర్ మీద వాట్సాప్ కోసమే, వార్నింగ్ వచ్చినా ఇంగ్లీష్‌లో, అందులో కౌంటీ పేర్లు, అవి ఎటున్నాయో వాళ్లకేం తెలుసు. వాళ్లని మనం కాపాడాల్సినవాళ్లుగానే చూస్తాం. కానీ తుపాన్లు మనకంటే ఎక్కువ చూసినవాళ్లు వాళ్లు, మబ్బు చదవడం తెలిసినవాళ్లు, దిక్కులు తెలిసినవాళ్లు. అప్పటి నుంచి ఏటా ఫిబ్రవరిలో, సీజన్ మొదలవ్వకముందు, తెలిసినవాళ్ల ఇళ్లల్లో ఒక ఆదివారం కూర్చోబెట్టి తెలుగులోనే చెప్తున్నాను. వాచ్ అంటే రావొచ్చు, వార్నింగ్ అంటే వచ్చేసింది. సైరన్ బయట ఉన్నవాళ్ల కోసం, లోపలికి రమ్మని, ఇంట్లో వినపడకపోతే ఏమీ లేదని కాదు. ఇక్కడ ఇవి ఎక్కువగా నైరుతి నుంచో పడమటి నుంచో వచ్చి ఈశాన్యానికో తూర్పుకో పోతాయి, కాబట్టి మీ ఇంటి నైరుతి కిటికీ ఏది, అది ముందు చూపించండి అంటాను. ఒక్కరు కూడా తడుముకోరు. పిల్లలు, అంటే నా వయసువాళ్లు, ఫోన్ తీసి కంపాస్ వెతుక్కుంటారు.

మొదటి ఏడాది ఆ క్లాస్‌కి బాబాయ్ వచ్చారు. ఇండియా వెళ్లడానికి ఇంకో వారం ఉంది. అంతా విన్నాక, 77లో కూడా రేడియోలో తుపాను అని చెప్పారు బాబూ, నీళ్లు ఎటు నుంచి వస్తాయో, ఎంత ఎత్తున వస్తాయో మాత్రం ఎవరూ చెప్పలేదు అన్నారు. కాసేపు ఆగి నా హ్యాండీ చేతిలోకి తీసుకుని, ఇది నొక్కి మాట్లాడటానికి నాకు లైసెన్స్ కావాలి కదా, మరి వినడానికి? అని అడిగారు. ఇక్కడ అక్కర్లేదు అన్నాను. నాగాయలంకకి తీసుకెళ్లడానికి ఒక రిసీవర్ చూసి పెట్టమన్నారు.